సాండర్ కొనేముందు దుమ్ము సంగతి చూడండి
(జవహర్‌నగర్ లబ్ధిదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కూడా ఇరవై ఏళ్లు ముఖానికి తువ్వాలు కట్టుకొని లప్పం రుద్దినవాణ్ణే. తువ్వాలు ఆపేది కంటికి కనబడే దుమ్మునే. ఊపిరితిత్తుల లోపలికి పోయేది కనబడదు. ఇసుక, సిమెంటు గోడ రుద్దితే లేచే సిలికాతో సిలికోసిస్ వస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు. చెక్క దుమ్ముతో క్యాన్సర్ ముప్పు ఉంది. అందుకే చెప్తున్నా, సాండర్‌కు ఎంత పెడతారో దుమ్ము లాగే మిషన్‌కూ అంత పెట్టండి.

డబ్బు ఎట్లా?
పీఎం విశ్వకర్మ 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. 18 వృత్తుల్లో వడ్రంగి, తాపీ మేస్త్రీ ఉన్నారు, పెయింటర్ లేడు. టూల్‌కిట్ సాయం రూ.15,000 వరకు. మీ కిట్‌లో ఏమేం వస్తాయో ముందు చూసుకోండి. అందులో లేనివి అప్పుతో కొనొచ్చు. ప్రాథమిక శిక్షణ తర్వాత, తాకట్టు లేకుండా, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష వరకు, 18 నెలల్లో కట్టాలి. రూ.40,000 తీసుకుంటే నెలకు దాదాపు రూ.2,310 పడుతుంది. అంత పని చేతిలో ఉందా, లెక్క వేసుకోండి.

ఏ సాండర్?
తలుపులు, కిటికీలు, అల్మారాలకు 125 మి.మీ. రాండమ్ ఆర్బిటల్ చాలు. స్పీడు తగ్గించే మీట ఉండాలి. గోడలు, సీలింగ్ ఎక్కువుంటే పొడుగు కాడ ఉన్న వాల్ సాండర్ తీసుకోండి. ఏదైనా సరే, ప్యాడ్‌కు, పేపర్‌కు రంధ్రాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. లేకపోతే దుమ్ము లోపలికి పోదు.

ఏ ఎక్స్‌ట్రాక్టర్?
ఇంట్లో ఊడ్చే వాక్యూమ్ వద్దు. లప్పం పొడికి ఫిల్టర్ పూడుకుపోయి మోటారు పాడవుతుంది. ఎల్ రకం దుమ్ములో 1 శాతం దాకా బయటికి వదలొచ్చు, ఎం రకం 0.1 శాతం లోపే. చెక్కకు, సిమెంటుకు ఎం రకమే అడగండి. ఫిల్టర్ దులుపుకునే ఏర్పాటు ఉందా, సంచులు ఇక్కడ దొరుకుతాయా, పైపు సాండర్ మూతికి సరిపోతుందా, షాపులోనే పెట్టి చూడండి.

మరచిపోవద్దు
మిషన్ ఉన్నా ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్క్ వేసుకోవాల్సిందే. పని అయ్యాక పొడి చీపురుతో ఊడ్వకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించొద్దన్న నియమం 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పాత ఎనామెల్‌కు మిషన్ పెట్టకండి, తడిపి చేత్తో రుద్దండి.

పెయింటర్ తమ్ముళ్లూ, ఏడాదిలో 90 రోజుల పని చేసి, వయసు 18 నుంచి 60 లోపు ఉంటే భవన నిర్మాణ కార్మికుడిగా కార్డు చేయించుకోండి.

పాడైన మిషన్‌ను బాగు చేయించుకోవచ్చు. ఊపిరితిత్తులు పాడైతే మళ్లీ కొనలేం.