ఒంటిస్తంభం మేడ, గంగ ఒడ్డు

ఆత్మకూరు, గద్వాల, వనపర్తి సంస్థానాలు కవిపండితులను పిలిచి సభలు చేయించిన పాలమూరు సీమ ఇది. ఇలాంటి చోట సాహిత్య సభాధ్యక్షుడు వైద్యవిద్య గురించి మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ నేను ఎత్తుకున్న విషయం మాటకు సంబంధించినదే. ఇక నయం కాదని తేలిన రోగితో, వారి ఇంటివాళ్ళతో డాక్టరు ఏం మాట్లాడాలి, ఎలా మాట్లాడాలి? వైద్య విద్యార్థికి సూది వేయడం నేర్పినంత శ్రద్ధగా ఈ విద్యనూ నేర్పాలనీ, మన జిల్లాల్లో దాన్ని తెలుగులోనే నేర్పాలనీ, ఆ పనిలో సాహిత్యకారులకు వాటా ఉందనీ నా వాదన.

మన సాహిత్యానికి ఈ సంభాషణ కొత్తది కాదు. ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకు చనిపోతావన్న కబురు పరీక్షిత్తుకు అందింది. ఆ ఒక్క కబురు విన్న రాజు రెండు కావ్యాల్లో రెండు దారులు పట్టాడు. నన్నయ ఆదిపర్వంలో ఒంటిస్తంభం మేడ ఎక్కి, చుట్టూ విషవైద్యులను, మందులను, మంత్రవేత్తలను పెట్టుకున్నాడు. తక్షకుడు పండులో పురుగై లోపలికి వచ్చాడు. పోతన భాగవతంలో రాజ్యం కొడుక్కి అప్పగించి గంగ ఒడ్డున కూర్చుని, చావు దగ్గరపడినవాడు చేయవలసిందేమిటని శుకుణ్ణి అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబుగానే శుకుడు భాగవత కథంతా చెప్పాడు. రెండుచోట్లా రాజు దక్కలేదు. తేడా అంతా ఆ ఏడు రోజులు గడిచిన తీరులో ఉంది. ఇవాళ మన ఒంటిస్తంభం మేడ ఐసీయూ. కోలుకోగల రోగికి అది ప్రాణం నిలబెడుతుంది. కోలుకోలేని రోగిని మాత్రం చివరి రోజుల్లో అయినవాళ్ళకు దూరం చేసి, ఇంటిమీద అప్పు మిగులుస్తుంది. ఎవరికి మేడ కావాలో, ఎవరికి గంగ ఒడ్డు కావాలో రోగి తేల్చుకోవాలంటే ముందు ఎవరో ఒకరు నిజం చెప్పాలి.

నేర్పని చోట ఆ నిజం ఎలా బయటికి వస్తుందో మనకు తెలుసు. వరండాలో నిలబడి, రోగి కొడుకుతోనో అల్లుడితోనో, “ఇక మా చేతుల్లో ఏం లేదు, ఇంటికి తీస్కపోండి” అనేస్తారు. లేదా ఏమీ చెప్పకుండా మరో పరీక్ష రాసి కర్నూలుకో, హైదరాబాదుకో పంపిస్తారు. మొదటి మాట రోగిని గాలికి వదిలేస్తుంది, రెండోది అబద్ధపు ఆశ పెడుతుంది. శిక్షణ పొందిన డాక్టరు ముందు కూర్చుంటారు. “మీ జబ్బు గురించి ఇప్పటిదాకా ఏం చెప్పారు పెద్దాయనా? అంతా వివరంగా చెప్పమంటారా, ఇంట్లో ఎవరితోనన్నా మాట్లాడమంటారా?” అని అడుగుతారు. ఆ తర్వాతే, “జబ్బును పూర్తిగా తీసేసే మందు లేదు. నొప్పిని, ఆయాసాన్ని తగ్గించే మందులున్నాయి. అవి ఇస్తూ మీ వెంటే ఉంటాం” అంటారు. 2000లో బెయిల్, బక్‌మన్ బృందం ప్రచురించిన ‘స్పైక్స్’ పద్ధతి ఇలాంటి సంభాషణనే ఆరు మెట్లుగా అమర్చింది. మెట్లుగా విడదీయగలిగినది ఏదైనా నేర్పడానికి వీలైనదే.

నిజం చెబితే రోగి కుంగిపోతాడన్నది మొదటి ఆక్షేపణ. దానికి గట్టి ఆధారాలు కనబడవు. అమెరికాలో ముదిరిన క్యాన్సర్ రోగులపై జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో, డాక్టర్లతో చివరి దశ గురించి మాట్లాడిన రోగుల్లో కుంగుబాటు ఎక్కువగా లేదు. వెంటిలేటర్ల దాకా, ఐసీయూల దాకా వెళ్ళినవాళ్ళు మాత్రం తక్కువ. 2010లో బోస్టన్‌లో 151 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిగిన పరిశోధన ఇంకో అడుగు ముందుకేసింది. మొదటినుంచే నొప్పిని, బాధను తగ్గించే ఉపశమన చికిత్స అందినవారు చివర్లో తీవ్ర చికిత్సలు తక్కువ తీసుకున్నారు, అయినా ఎక్కువ కాలమే బతికారు: మధ్యగత ఆయుర్దాయం 11.6 నెలలు, మిగతావారికి 8.9 నెలలు.

మన కుటుంబాల్లో “ఆయనకు చెప్పొద్దు సార్” అంటారనేది రెండో ఆక్షేపణ. ఇది బరువైనదే. కొడుకు ముంబైలోనో పుణెలోనో కూలిపనిలో ఉండి ఫోన్‌లోనే నిర్ణయాలు తీసుకోవలసిన పాలమూరు ఇళ్ళలో, ఆ మాట వెనక ప్రేమ ఉంది, భయం ఉంది. ఆ ప్రేమను తోసిపుచ్చమని ఏ శిక్షణా చెప్పదు. ఎంత తెలుసుకోవాలో రోగినే అడగమంటుంది. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా రోగిదే. ఎవరూ చెప్పకపోయినా చాలామంది రోగులు ఇంట్లోవాళ్ళ ముఖాలు చూసి పసిగడతారు. అప్పుడు రోగి, కుటుంబం ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటూ ఒంటరులవుతారు. పొలం పంపకం, బాకీల లెక్క, చూడాలనుకున్న మనిషి, అన్నీ మిగిలిపోతాయి.

మూడో ఆక్షేపణ మరింత గట్టిది: కరుణ తరగతిలో వస్తుందా? 2002లో బ్రిటన్‌లో 160 మంది క్యాన్సర్ డాక్టర్లపై చేసిన పరిశోధనలో మూడు రోజుల శిక్షణతో వారు ప్రశ్నలడిగే తీరు, సానుభూతి చూపే తీరు మెరుగుపడ్డాయి. కానీ 2013లో వెలువడిన అమెరికా పరిశోధనలో, కృత్రిమ సన్నివేశాలతో శిక్షణ పొందిన యువవైద్యులకు రోగులు ఎక్కువ మార్కులేమీ వేయలేదు; పైగా రోగుల్లో కుంగుబాటు లక్షణాలు కాస్త పెరిగాయి. ఈ ఫలితాన్ని దాచకూడదు. దీన్నుంచి నేను తీసే నిర్ధారణ ఒక్కటే: వర్క్‌షాపు మొదటి మెట్టు మాత్రమే. వార్డులో అనుభవజ్ఞులు మాట్లాడుతుంటే విద్యార్థి చూడాలి, విద్యార్థి మాట్లాడుతుంటే వారు విని సరిదిద్దాలి, ఇది ఏళ్ళ తరబడి సాగాలి. శస్త్రచికిత్స నేర్పేది ఇలాగే కదా.

ఈ పనికి మన జిల్లాల్లో సమయం వచ్చింది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 2019 నుంచి అమలైన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో వైఖరి, నైతికత, సంభాషణలపై ‘ఏట్‌కామ్’ పాఠాలు ఉన్నాయి, మరణాన్ని ఎదుర్కోవడంపైనా పాఠం ఉంది. చట్టమూ దారి ఇచ్చింది. గౌరవంగా మరణించే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. తాను చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టే ముందస్తు వైద్య నిర్దేశాలకు మేజిస్ట్రేట్ సంతకం అక్కర్లేదనీ, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలుననీ 2023 జనవరిలో సడలించింది. అయితే ఆ కాగితంలో ఏముందో ఆత్మకూరు రైతుకు విడమరచి చెప్పవలసింది డాక్టరే. పాఠం ఇంగ్లీషులో, రోగి తెలుగులో ఉన్నంతకాలం అది పరీక్ష పేపరు దగ్గరే ఆగిపోతుంది.

సేవ విషయంలో మనకు వారసత్వం తక్కువేమీ కాదు. వనపర్తి సంస్థానపు కోడలు, తర్వాత వనపర్తి శాసనసభ్యురాలైన కుముదినీదేవి 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం నెలకొల్పారు. ఆమె పేరుతో హైదరాబాద్‌లో ఉపశమన చికిత్సా కేంద్రమూ ఉంది. అందుకే ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఈ మూడు కళాశాలల అధ్యాపకులతో మన రచయితలు కూర్చుని, పాలమూరు పలుకుబడిలో రోగి–డాక్టరు సంభాషణల పుస్తకం ఒకటి తయారు చేయాలి. మన రంగస్థల కళాకారులు తరగతిలో రోగులుగా, బంధువులుగా నటించి విద్యార్థులకు సాధన చేయించాలి. ఈ నైపుణ్యాన్ని వార్డులో పరీక్షించి మార్కులు వేయాలని వైద్య విశ్వవిద్యాలయాన్ని కోరుతూ తీర్మానం చేయాలి. మార్కులు లేని పాఠాన్ని విద్యార్థులు పట్టించుకోరు. ఈ పాఠాన్ని పట్టించుకోకపోతే నష్టపోయేది మనమూ, మన తల్లిదండ్రులూ. ఈ మూడింటిపై చర్చను ప్రారంభించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.