ఉన్నత పాఠశాలలలో పరదేశభాషలు

(ఒక పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



నేడు మీ యెదుట నేను విచారింపబూనిన ప్రశ్న పైకి చిన్నదిగా గానవచ్చును. మన యున్నత పాఠశాలలలో చదువుకొను బాలబాలికలకు ఇంగ్లీషుగాక వేఱొక పరదేశభాషను నేర్పవలయునా వలదా యనునదియే యా ప్రశ్న. ఫ్రెంచి, జర్మను, జపాను, స్పానిషు భాషల పేళ్లు నేడు పట్టణములందలి తలిదండ్రుల నోట తఱుచుగా వినబడుచున్నవి. కొందఱు వానిని ఉద్యోగము కొఱకు గోరుచున్నారు. కొందఱు మార్కుల కొఱకు. కొందఱు గొప్ప కొఱకు. వలదనువారును గలరు. ఉన్న యింగ్లీషే తెలుగును మ్రింగుచుండగా మఱియొక పరభాష యేలయని వారి వాదము. ఈ యుభయపక్షములకును సమాధానము చెప్పుట నా యుద్దేశము.

దేశాభిమానికి పరభాష శత్రువు కాదు. పరభాషను నేర్చుట దాస్యము కాదు. ఒక్క పరభాష ద్వారముననే లోకమునంతయు జూచుట దాస్యము. టాల్‌స్టాయి మనకు ఎట్లు పరిచితుడయ్యెను? మోపాసా యెట్లు పరిచితుడయ్యెను? చాలవఱకు ఇంగ్లీషువాడు వడకట్టి యిచ్చిన పిదపనే. రష్యను దేశమువాని దుఃఖమును, ఫ్రెంచివాని హాస్యమును మనము మూడవవాని నోట వినుచు వచ్చితిమి. ఉప్పల లక్ష్మణరావుగారివంటి వారు మాస్కోలో గూర్చుండి రష్యను గ్రంథములను తెనిగించిరి గాని అట్టివారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. 1972లో మాస్కోలో తెలుగు-రష్యను నిఘంటువు వెలువడినది. దానిని కూర్చినవారు రష్యనులు. మన భాషను వారు వెదకికొని వచ్చిరి. వారి భాషను మనము వెదకికొని పోయినది తక్కువ.

ఈ సందర్భమున బ్రౌనుదొరను స్మరింపక తప్పదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో చెన్నపట్టణము చేరినాడు. కొలువు కొఱకు నేర్వవలసివచ్చిన తెలుగును అతడు కొలువుతో సరిపెట్టక, 1829లో వేమన పద్యములను అచ్చువేయించి, 1852 నాటికి మనము నేటికిని విప్పి చూచుకొను నిఘంటువును సిద్ధపఱచినాడు. తెలుగు నేర్చినందున అతడు ఇంగ్లీషువాడు కాకపోలేదు. అతని దేశమునకు తక్కువయు రాలేదు. పైగా, ఏలువాడు ఏలబడువాని భాషను నేర్చుటలో గల బలము నతని జాతి బాగుగ నెఱిగినది. ఆ బలము వారి సొత్తు మాత్రమే కావలసిన పనిలేదు.

మఱియొక దృష్టాంతము మన గోదావరి తీరముననే కలదు. యానాము 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. చుట్టును తెలుగు, ఊరిలో తెలుగు, కచేరీలో మాత్రము ఫ్రెంచి. అట్లు అధికారము వెంట వచ్చిన భాషను జనులు అవసరమువలన నేర్చిరి. నేటి ప్రశ్న యట్టిది కాదు. నేడు ఏ భాష నేర్వవలయునో, ఎంత నేర్వవలయునో, దేని ప్రక్కన నేర్వవలయునో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము మనకున్నది. స్వతంత్రుడు చేయు నిర్ణయము ఆలోచనతో గూడినదై యుండవలయును గదా!

ఇక ప్రభుత్వవిధానమును చూతము. 1968 నుండి త్రిభాషాసూత్రము మనకు పరిచితమే. 2020 జాతీయ విద్యావిధానము మూడు భాషలలో రెండైనను భారతీయభాషలై యుండవలెనని చెప్పి, పరదేశభాషలను ఉన్నతతరగతులలో అదనముగ నేర్పవచ్చునన్నది. కొరియను, జపాను, థాయి, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, పోర్చుగీసు, రష్యను భాషలను ఉదాహరించినది. 2019 నాటి ముసాయిదాలో నుండిన చీనాభాష ఈ పట్టికలో లేదు. నా మనవి యేమన, మిత్రుని భాషను నేర్చుట మర్యాద. పేచీపడు పొరుగువాని భాషను నేర్చుట జాగ్రత్త. సరిహద్దున కావలి కాయు దేశమునకు ఆవలివాని పత్రికలను స్వయముగ చదువగల వారు వేలకొలది యుండవలదా?

కాగితముమీది విధానము తరగతి గదిలో ఎట్లు చెడునో తెలుపుటకు ఒక్క కథ చాలును. కేంద్రీయ విద్యాలయములలో 2011 నాటి యొడంబడిక ననుసరించి జర్మనును మూడవ భాషగా నేర్పుచుండిరి. 2014 నవంబరులో, చదువు సగము నడచిన పిదప, దానిని తొలగించి సంస్కృతమును బెట్టవలెనని యాజ్ఞ యయ్యెను. ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు దాదాపు 70,000 మంది పిల్లలు ఆ భాషను చదువుచుండిరని నాటి లెక్క. తలిదండ్రులు సుప్రీముకోర్టువఱకు బోయిరి. త్రిభాషాసూత్రము ప్రకారము ఆ మార్పు సబబే కావచ్చును. కాని సంవత్సరము నడుమ పిల్లవాని చేతిలోని పుస్తకమును లాగికొనుట సబబు కాదు. సంస్కృతమునకును జర్మనునకును పోరు బెట్టుట అంతకన్న సబబు కాదు. సంస్కృతముపై జర్మను పండితులు చేసిన కృషిని ఎఱిగినవాడెవ్వడును ఆ రెంటిని శత్రువులుగ నెంచడు.

నేర్చిన నెంత వచ్చును? ఇచ్చట లెక్క వేసికొనుట మంచిది. వారమునకు నాలుగు తరగతులు, తరగతికి 40 నిమిషములు, ఏడాదికి 36 వారములనుకొందము. సాలుకు 96 గంటలు. ఐదేండ్లకు 480 గంటలు. అమెరికా రాయబారోద్యోగులకు భాషలు నేర్పు సంస్థవారి యంచనా ప్రకారము ఇంగ్లీషు మాటలాడు వయోజనునకు ఫ్రెంచి పట్టుబడుటకు 600 మొదలు 750 తరగతి గంటలు పట్టును. జపాను, చీనా, అరబ్బీ భాషలకు 2,200 గంటలు. కావున పాఠశాల చదువుతో పిల్లవాడు పారిసులో వాదము చేయగలడని యాశ చూపుట మోసము. కాని మొదటి మెట్లు ఎక్కించుటకు ఆ 480 గంటలు చాలును. రెండేండ్లు వల్లించి, మార్కులు తెచ్చుకొని, మఱునాడు మఱచిపోవుట మాత్రము కాలహరణము.

మార్కుల మాట వచ్చినది గనుక నిర్మొగమాటముగ చెప్పెదను. ఇంటర్మీడియేటులో రెండవ భాషగా తెలుగును విడిచి, మార్కులు సులభముగ వచ్చునని వేఱొక భాషను గైకొనుట మన పట్టణములలో ఆచారమైనది. సంస్కృతమునందు ప్రేమచేత గాదు, ఫ్రెంచియందు ప్రేమచేతను గాదు. తెలుగింట బుట్టి తెలుగు చదువలేని యువకుడు ఇట్లే తయారగుచున్నాడు. తెలంగాణములో 2018 చట్టము పదవ తరగతి వఱకు తెలుగును తప్పనిసరి చేసినది. ఆ గట్టు దాటినతోడనే భాషను వదలించుకొను తొందర మనది. పరదేశభాష తెలుగు ప్రక్కన రావలయును గాని తెలుగు స్థానమున రాగూడదు. ఇది నా వాదమునకు పునాది. వేయిపడగలను హిందీలోనికి దెచ్చిన పి. వి. నరసింహారావుగారు స్పానిషును గూడ నేర్చిరి. స్వభాషలో లోతు గలవానికి పరభాష భారము కాదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

అంతియ కాదు. పరభాషకు తెలుగే మంచి సోపానము. జపానువాడు "వతషి వ హొన్ ఒ యొమిమసు" అనును. "నేను పుస్తకమును చదువుదును" అని మన మందుము. కర్త ముందు, కర్మ నడుమ, క్రియ చివర. విభక్తి నామము వెనుక. మాటకు మాట సరిపోయినది. ఇంగ్లీషులో క్రియ నడుమకు వచ్చును. మన పిల్లవానికి జపానుభాషను ఇంగ్లీషు పుస్తకముతో నేర్పినచో వాక్యమును ఒకసారి త్రిప్పి, మరల త్రిప్పవలయును. ఫ్రెంచి త, ద లు మనవలెనే దంత్యములు; ఇంగ్లీషు మీదుగ నేర్చినవాడు వానిని ట, డ లుగ పలికి నవ్వులపాలగును. జర్మనులో ఉపవాక్యమున క్రియ చివరకు బోవును. అదియు మనకు వింత కాదు. ఇంత సౌకర్యముండగా తెలుగులో వ్రాసిన ఫ్రెంచి వాచకమును గాని జపాను వ్యాకరణమును గాని చేతబట్టిన విద్యార్థి మన పాఠశాలలలో నెంత యరుదో చూడుడు. తన యింటినుండి పొరుగింటికి బోవుటకు ఊరంతయు చుట్టివచ్చుట యనిన నిదియే.

ఇక జీవనోపాధి. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందవలెనన్న ఆ భాషలో మధ్యమస్థాయి దాటిన ప్రవేశము ఉండవలయును. 2021 జనవరిలో భారత జపానుల నడుమ కుదిరిన యొడంబడికవలన నైపుణ్యముగల పనివారికి అచ్చట ద్వారము తెఱువబడినది. దానికిని ప్రాథమిక జపానుభాషాపరీక్ష కలదు. నేడు ఈ భాషలను నేర్వదలచిన బీదయింటి పిల్ల చదువు ముగిసిన పిమ్మట అప్పుచేసి ప్రైవేటు శిక్షణాలయమునకు రుసుము చెల్లింపవలసియున్నది. కలవారి పిల్లలకు ఆ భాష యాఱవ తరగతిలోనే లభించుచున్నది. జిల్లాపరిషత్తు పాఠశాలలోని బిడ్డకు లభింపదు. పరదేశభాష కొందఱి యలంకారము, తక్కినవారికి అందని పండు అగుటయే యిందలి యన్యాయము. ఆ భాష వలదనువారు ఈ యన్యాయమును మాన్పుట లేదు; దానిని స్థిరపఱచుచున్నారు.

ఇతరదేశముల యనుభవము చూడుడు. 2002లో ఐరోపా దేశముల నాయకులు బార్సిలోనాలో సమావేశమై, ప్రతి శిశువునకు మాతృభాషగాక మఱి రెండు భాషలు చిన్ననాటనే నేర్పవలెనని లక్ష్యము నిర్ణయించుకొనిరి. అందుకు భిన్నముగ ఇంగ్లండులో 2004 నుండి పదునాలుగేండ్లు నిండిన పిల్లలకు పరభాష ఐచ్ఛికమైనది. అటుపిమ్మట ఫ్రెంచి, జర్మను పరీక్షలకు గూర్చుండువారు విశేషముగ తగ్గిపోయిరి. తమ భాషయే లోకమంతట చెల్లునను ధీమా వారి చెవులను మూసినది. ఇంగ్లీషు వచ్చినచో చాలునను మన ధీమా యంతకన్న వింతయైనది. ఏలన, అది మన భాషయైనను గాదు.

కావున నా సూచనలు విన్నవించెదను. మొదటిది, ఏడవ తరగతి ముగియువఱకు తెలుగు చదువును వ్రాతను గట్టిపఱచి, ఎనిమిదవ తరగతినుండి ఇష్టపడినవారికి పరదేశభాషను ప్రారంభింపవలయును. రెండవది, ప్రతి పాఠశాలలో ఎనిమిది భాషలు వలదు. ఒక్కొక్క పట్టణమున ఒక్క ప్రభుత్వపాఠశాలలో ఒక్క భాషను చక్కగ నేర్పిన చాలును. మూడవది, ఉపాధ్యాయులు. 1958లో కేంద్ర ఆంగ్లభాషా సంస్థగా హైదరాబాదున నెలకొని, నేడు ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయముగ నున్న విద్యాపీఠము మన నడుమనే యున్నది. అచ్చట చదివిన తెలుగువారిని మన పాఠశాలలకు రప్పింపవలయును. నాల్గవది, తెలుగులో వాచకములు, నిఘంటువులు వ్రాయింపవలయును. ఐదవది, పరీక్షలో సగమైనను నోటిమాటకుండవలయును. ఆ మార్కులను తరగతి శ్రేణికి గలుపగూడదు. మార్కుల యాశ పోయిననాడు భాషయందు ప్రేమగలవారే మిగులుదురు.

డబ్బెక్కడిదని యడుగుదురు. పట్టణమునకొక యుపాధ్యాయుని జీతము ప్రభుత్వమునకు మోయరాని బరువు కాదు. పిల్లలకు భారమందురు. ఇష్టపడి యెన్నుకొన్నది భారము కాదు. బలవంతముగ రుద్దినదే భారము.

ప్రభుత్వము కదలునంతవఱకు మనము చేతులు ముడుచుకొని యుండనక్కఱలేదు. మన పఠనమందిరములు ఒకనాడు అక్షరములు రానివారికి పత్రికను చదివి వినిపించి జాతిని మేల్కొలిపినవి. నేడు అవి వారమునకు రెండు సాయంకాలములు ఒక గదిని, ఒక నల్లబల్లను, ఒక నిఘంటువును ఈ పనికి విడువజాలవా? ఊరిలో జర్మను వచ్చినవాడుండును, జపానునుండి తిరిగివచ్చిన యమ్మాయి యుండును. వారిని పిలువుడు. తెలుగు చక్కగ చదువు పిల్లలను పదిమందిని గూర్చుండబెట్టుడు. ఆ పదిమందిలో నొక్కడు రేపు మూలగ్రంథమును తెఱచి, మూడవవాని సాయము లేకయే తెలుగులోనికి దెచ్చెనేని ఈ శ్రమ ఫలించినట్లే.