పాత రీళ్ళు కడిగించాలా, వద్దా?
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



సొసైటీ స్టోరు గది సర్దుతుంటే బిస్కెట్ డబ్బాలో మూడు ఫోటో రీళ్ళు దొరికిన సంగతి మీకు తెలిసిందే. రెండు బ్లాక్ అండ్ వైట్, ఒకటి కోడాక్రోమ్ రంగుల రీలు. ఫోటోలు తీశారు గాని కడిగించలేదు. డబ్బా మీద ఉర్దూలో "శక్కర్‌నగర్, షాదీ" అని రాసి ఉంది, అంతే. ఏనాటి సరుకో, పారేయండని కొందరు, రేపే స్టూడియోకు ఇచ్చేద్దామని కొందరు అంటున్నారు. రెండు మాటలూ నాకు నచ్చలేదు.

వెలుతురు తగిలినప్పుడు రీలు మీది వెండి లవణంలో కంటికి కనబడని బొమ్మ పడుతుంది. మందులో వేసేదాకా అది అట్లనే దాగి ఉంటుంది. కాని వేడి, తేమ దాన్ని తింటూ ఉంటాయి. 1897లో ఆండ్రే అనే స్వీడన్ దేశస్థుడు ఇద్దరు తోటివారితో బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయలుదేరాడు. ముగ్గురూ మంచులోనే పోయారు. 1930లో వాళ్ళ సామాను దొరికితే, 33 ఏండ్ల ఆ రీళ్ళను హెర్ట్జ్‌బర్గ్ అనే ఆయన కడిగాడు. సుమారు 240 బొమ్మల్లో 93 దక్కాయి. అక్కడ మంచు కాపాడింది. మన నిజామాబాదు ఎండల్లో రేకుల గది సంగతి వేరే చెప్పాలా! కనుక ఎక్కువ ఆశ వద్దు.

అయినా కడిగించాలనే నా మనవి. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. క్వార్టర్లలో పుట్టిపెరిగినవాళ్ళు హైదరాబాదుకు, గల్ఫ్‌కు చెదిరిపోయారు. అమ్మ ముఖం చూసుకుందామంటే ఒక్క ఫోటో లేని ఇండ్లు మనలో ఉన్నాయి గదా.

అయితే రంగుల ఫిలిం కడిగే మెషీన్లో వేస్తే బ్లాక్ అండ్ వైట్ రీలు మీది బొమ్మంతా కొట్టుకుపోతుంది. చేత్తో కడిగేవారే కావాలి. ముందు ఒక్క రీలే ఇవ్వాలి. దాని వాలకం చూసి రెండోదానికి మందు, టైము మార్చుకోవచ్చు. కోడాక్రోమ్‌ను రంగుల్లో కడగడం 2010 ఆఖరుతో లోకమంతటా ఆగిపోయింది. ఇక బ్లాక్ అండ్ వైట్‌గా దక్కితే దక్కాలి. అది చివరికి ఉంచుదాం.

అసలు చిక్కు మందులో లేదు. అవి షాదీ ఫోటోలు, జనానాలో తీసినవి ఉండవచ్చు. ఆ బీబీలు ఇంటివాళ్ళు చూస్తారని కూర్చున్నారు గాని వాట్సాప్ గ్రూపుల కోసం కాదు. ఎవరివో తెలియకుండా ఎవరి ఇజాజత్ అడగాలని ఒకరు ప్రశ్నించారు. మంచి ప్రశ్నే. కాని కడిగించడం వేరు, చూపించడం వేరు. నెగెటివ్‌లు ముందు శక్కర్‌నగర్‌లో కాపురం చేసిన ఇద్దరు పెద్ద ఆడవాళ్ళ చేతికి ఇద్దాం. వారు గుర్తుపట్టిన ఇంటికే అవి చేరాలి. వద్దంటే ఒక్క కాపీ కూడా వేయించరాదు. పెండ్లివారెవరో తేలకపోతే కవర్లో పెట్టి సీలు చేసి ఉంచుదాం.

డబ్బా ఇప్పుడు ఖజాంచీ సాహెబ్ దగ్గర ఉంది. రీలు చుట్టు ఉన్న కాగితం ఎవరూ విప్పి చూడవద్దు, వెలుతురు పడితే ఉన్నదీ పోతుంది. మూత మీది చేతిరాత గుర్తుపట్టగలవారు మాత్రం సభ కాగానే వచ్చి చూడండి.