యంత్రం కురిపించిన మంచు

గత మాఘమాసంలో నేను అమెరికాలోని కనెక్టికట్‌లో, మా అమ్మాయి ఇంట ఉన్నాను. ఒక ఆదివారం మనవణ్ణి స్కీయింగ్‌కై మొహాక్ మౌంటెన్‌కు తీసుకొని వెళ్తూ నన్నూ రమ్మన్నారు. దారి పొడవునా ఎండిన పచ్చికే. కొండవాలుపై మాత్రం తెల్లని బాట! "ఇది కృత్రిమం కదా!" అని పెదవి విరిచాను.

అల్లుడుగారు వివరించారు. 1949–50 శీతకాలంలో అక్కడ మంచు కరవైనదట. యజమాని లారీలపై మంచుగడ్డలు తెప్పించి, పొడి చేయించి, వాలుపై పరిపించాడు. 1950లో యంత్రం వచ్చింది. అది నీటిని సంపీడిత వాయువుతో సూక్ష్మమైన తుంపరలుగా పైకి చిమ్ముతుంది. అవి నేలను చేరేలోగా గడ్డకడతాయి. చలిని మాత్రం యంత్రం ఇవ్వలేదు. అది ప్రకృతి ఇవ్వవలసినదే.

గుప్పెడు తీసి చూశాను. మేఘం నుండి రాలే హిమకణం షట్కోణాకృతి. ఇది ఉప్పురవ్వ వలె గుండ్రన. కృతకమైనదెల్ల అనిత్యమని తర్కంలో చదువుకున్నాం. రెండు మంచులూ అనిత్యమే గానీ, దట్టమైన ఈ కృతకమే ఆలస్యంగా కరుగుతుందట! మా గురువుగారుంటే ఏమనేవారో!

ఇంతలో మనవడు జారి పడ్డాడు. నా మోకాళ్ళతో ఆ వాలెక్కడం అసాధ్యం. కంచె పట్టుకొని, గుండె దడదడలాడుతూ నిలిచిపోయాను. వాడే లేచి, మోచేయి దులుపుకొని, దిగివచ్చి నవ్వాడు: "తాతగారూ, ఇది నిజం మంచే. దెబ్బ తగిలింది."

ఆ హేతువుకు నా వద్ద ప్రత్యుత్తరం లేకపోయింది. ఇంటికి చేరాక వాడి మోచేతికి పసుపు పట్టు వేశాను.