ఇనుపరాతి పుట్టుక

విశాఖపట్టణపు రేవులో పిడికెడు ఎఱ్ఱరాయి చేతబట్టి, దాని బరువునకు ఆశ్చర్యపడితిమి. అది బస్తరు సీమలోని బైలదిల్లా కొండలది. ఎద్దు మూపురమును బోలుటచే వానికా పేరు.

ఆ రాయి పుట్టినది నిప్పులో కాదు, నీటిలో. 200 కోట్ల యేండ్లకు పైబడిన పూర్వకాలమున ఇనుము సముద్రజలములో కరగియుండెడిది. కంటికానని జీవులు సూర్యరశ్మిచే బ్రతుకుచు ప్రాణవాయువును విడువగా, ఆ ఇనుము త్రుప్పుగా మాఱి అడుగునకు దిగినది. సిలికాతో కలసి, చీర అంచులవలె, చారలు చారలుగా పేరుకొన్నది. అట్టి చారలరాతిలో ఇనుము నూటికి ముప్పదిపాళ్లకు అటునిటు మాత్రమే. పిమ్మట యుగయుగములు భూజలము సిలికాను కడిగివేయగా, అఱువదిపాళ్లకు మించిన హెమటైటు మిగిలినది. మనము గనియని పిలుచునది ఈ కడిగిన భాగమునే.

1968లో త్రవ్వకము మొదలైన పిదప ఈ మేలిరాయి జపానుకు ఎంతయో తరలినది. మేలిదానిని ముందు అమ్ముకొనుట మాకంతగా రుచింపదు. అది తీఱినచో మిగులునది చారలరాయి. దానిని పిండిగా నూఱి ఇనుమును ఏఱుకొనవలెను.