ఇంగ్లీషు స్పెల్లింగు – మన పిల్లల పేర్లు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొద్ది కాలం క్రిందట ఆరో తరగతికి మేము ఇంగ్లీషు డిక్టేషన్ చెప్పాం. ఒక పిల్లవాడు 'నైఫ్' అన్న మాటను ఎన్‌తో మొదలుపెట్టి రాశాడు. తక్కిన పిల్లలు నవ్వారు. మేమూ నవ్వాం. "వినపడని కే ఎందుకు రాయాలి, మాస్టర్ సాబ్?" అన్నాడు వాడు. జవాబు తోచక "పుస్తకంలో అట్లాగే ఉంది, కూర్చో" అన్నాం. ఆనాటి నుంచి వాడు తరగతిలో చెయ్యెత్తడం మానేశాడు. ఆ తప్పు మాది.

వాడి ప్రశ్నకు జవాబుంది. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు ఆ కే ని పలికేవాళ్లే. 1476లో విలియం కాక్స్‌టన్ లండన్ పక్క వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వచ్చాక రాత మెల్లగా స్థిరపడింది. పలుకు మాత్రం మారుతూనే పోయింది. కే నోట్లోంచి జారిపోయి కాగితం మీద మిగిలింది. అప్పు అనే అర్థం గల 'డెట్' సంగతి ఇంకో తీరు. ఫ్రెంచి నుంచి వచ్చిన నాడు అందులో బి లేదు. లాటిన్ మూలం చూపడానికి పండితులు తర్వాత చేర్చారు.

ఇది మనకు కొత్తా? ఉర్దూలో సబక్ సీన్‌తో, సవాబ్ సే తో, సాబున్ స్వాద్‌తో రాస్తాం. అరబ్బీలో అవి వేర్వేరు ధ్వనులు. మన నోట మూడూ సకారమే! తెలుగు దారి వేరు, విన్నట్టే రాసుకుంటుంది. జిల్లా అన్న మాటకు ఉర్దూలో మొదట జ్వాద్, చివర ఐన్ ఉంటాయి. తెలుగులో ఆ గొడవే లేదు.

మన పొదిలిని ఇంగ్లీషులో పలికినట్టే రాస్తాం. కంభానికి మాత్రం సి, యు, ఎం, బి, యు, ఎం. 'కప్'లో యు అకారంగా పలుకుతుంది గదా, ఆ లెక్కన దొరలు రాసుకున్నారు. మన కమర్‌బంద్‌ను తమ భాషలోకి తీసుకుని దానికీ యు పెట్టారు. కడపకూ అట్లాగే ఉండేది, 2005లో మార్చారు.

ఊరి పేరైతే ప్రభుత్వం మార్చింది. మన పేర్ల సంగతో? మహమ్మద్‌లో ఎం తర్వాత ఓ రాయాలా, యు రాయాలా? ఖాదర్ కే తోనా, క్యూ తోనా? ఏదీ తప్పు కాదు. మన ఖాఫ్‌కు సరిపోయే అక్షరం ఇంగ్లీషులో లేదు. కాని రేషన్ కార్డులో ఒక తీరు, బడి రిజిస్టరులో ఒక తీరు ఉంటే, ఉద్యోగానికో పాస్‌పోర్టుకో పోయిననాడు ఆ బిడ్డే చిక్కుల్లో పడతాడు.

మా మనవి రెండే. పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందు తల్లిదండ్రులు బడికి వచ్చి పేరు అక్షరం అక్షరం చూసుకోవాలి. చదువు రానివాళ్లకు సంఘం యువకులు తోడు రావాలి. రెండోది, స్పెల్లింగు తప్పిన బిడ్డను చూసి నవ్వకండి. వాడి చెవి సరిగ్గానే విన్నది. అది చెప్పి, తర్వాత రాత దిద్దండి.

ఆ పిల్లవాణ్ణి పిలిచి మేము జవాబు చెప్పాం. వాడు మళ్లీ చెయ్యెత్తుతున్నాడు. ఖుదా హాఫిజ్.