పాత ఇండ్లు - పాత కరెంటు బోర్డులు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్యం బిల్లుల గురించి పెద్దలు మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. మన ఇండ్లలో తలుపు వెనకనో, మెట్ల కిందనో ఉండే కరెంటు బోర్డు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజనీరును కాను. ప్రభుత్వ భవనాల మరమ్మతుల ఫైళ్లు చూసే సెక్షనులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఎస్టిమేట్లు చదవడం, నియమాల పుస్తకం తిరగేసి నోటు రాయడం నా ఉద్యోగం. ఆ అలవాటుతో తెలుసుకున్నవే ఇవి.

మనలో చాలామంది ఇండ్లు 1970, 80 ప్రాంతాల్లో లోను తీసుకొని కర్నూలులోనో, కడపలోనో, నంద్యాల, ప్రొద్దుటూరుల్లోనో కట్టుకున్నవి. అప్పటి బోర్డు మీకు గుర్తుండే ఉంటుంది. చెక్కపలక మీద ఇనుప మెయిన్ స్విచ్చి, పక్కన తెల్ల పింగాణీ ఫ్యూజులు. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక రేడియో కోసం వేసిన వైరింగు అది. ఇప్పుడు అదే వైరు మీద ఫ్రిజ్, గ్రైండరు, గీజరు, కూలరు, పిల్లలు కొనిచ్చిన ఏ.సి. అన్నీ నడుస్తున్నాయి.

"ఫ్యూజులు తీసేసి ఎం.సి.బి.లు పెట్టించాము, ఇక భయం లేదు" అని కొందరు మిత్రులు అంటుంటారు. మంచి పనే. ఫ్యూజు ఎగిరిపోతే లావు తీగ చుట్టి పెట్టే బాధ తప్పింది. కాని ఫ్యూజు అయినా, ఎం.సి.బి. అయినా కాపాడేది వైరును. వైరు వేడెక్కి ఇల్లు అంటుకోకుండా చూడటం దాని పని. మనిషి ప్రాణం సంగతి దానికి తెలియదు.

చిన్న లెక్క చూద్దాం. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. తడి చేతులతో, వట్టి కాళ్లతో ఉన్న మనిషి ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుంటే, ఒంట్లోంచి పారేది 230 మిల్లీ ఆంపియర్లు. అంటే ఆంపియరులో నాలుగో వంతు కూడా లేదు. ప్రాణం పోవడానికి అది చాలు. 6 ఆంపియర్ల ఎం.సి.బి.కి మాత్రం అది ఒక బల్బు వెలిగినంత లెక్క. అది కదలదు.

మరి ఎర్తు ఉంది కదా అంటారు. ఇక్కడే మన రాయలసీమ సంగతి ఆలోచించాలి. ఎర్తు బాగా పనిచేయాలంటే నేలలో తడి ఉండాలి. మనది ఎండిన నేల, కొన్నిచోట్ల కొంచెం తవ్వితే బండ. ఇల్లు కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు పోసి పాతిన పైపు ఈపాటికి తుప్పు పట్టి ఉండవచ్చు. కొందరు కొళాయి పైపుకు ఎర్తు తీగ చుట్టారు. తర్వాత ఆ పైపుల స్థానంలో ప్లాస్టిక్ పైపులు వచ్చాయి. తీగ ఉంది, ఎర్తు లేదు.

ఎర్తు నిరోధం 20 ఓములు ఉందనుకోండి. కూలరులో వైరు ఒరిసి రేకుకు తగిలితే ఎర్తులోకి పోయేది 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానికి పడిపోదు. కూలరు తిరుగుతూనే ఉంటుంది, దాని రేకులో కరెంటు ఉంటుంది. నడి వేసవిలో ఇంటి ఇల్లాలు బిందెతో నీళ్లు పోయడానికి పోయి దాన్ని తాకుతుంది. మన ప్రాంతంలో ఎండలు ముదిరినప్పుడే నేల ఎండి ఎర్తు బలహీనపడుతుంది, కూలర్ల వాడకమూ అప్పుడే.

దీనికి మందు ఆర్.సి.సి.బి. అనే పరికరం. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్లో తిరిగి వస్తున్నదా లేదా అని అది లెక్క చూస్తుంది, మన ట్రెజరీలో జమా ఖర్చులు సరిచూసినట్లు. 30 మిల్లీ ఆంపియర్ల రకమైతే అంతపాటి తేడా రాగానే రెప్పపాటులో సరఫరా ఆపుతుంది. ఎర్తు కొంత బలహీనంగా ఉన్నా పనిచేస్తుంది. అయితే ఫేజును, న్యూట్రల్‌ను ఒకేసారి పట్టుకున్న మనిషిని అది గుర్తించలేదు. ఓవర్‌లోడును కూడా ఆపదు. కాబట్టి ఎం.సి.బి.లు, ఎర్తు, ఆర్.సి.సి.బి. మూడూ ఉండాలి.

"పెట్టించాము, మాటిమాటికి పడిపోతుంటే తీసేయించాము" అని ఒక మిత్రుడు చెప్పాడు. పడిపోతున్నదంటే ఎక్కడో లీకేజీ ఉందనో, న్యూట్రల్ తీగలు కలిసిపోయాయనో చెబుతున్నదన్నమాట. లోపం వెతికించాలిగాని పరికరాన్ని పక్కన పెట్టరాదు.

ఇంకొక మాట. కొన్ని పాత బోర్డుల్లో ఫేజుకు ఒక ఫ్యూజు, న్యూట్రల్‌కు ఒక ఫ్యూజు ఉంటాయి. న్యూట్రల్ ఫ్యూజు పోతే లైట్లు ఆరిపోతాయి, వైర్లలో మాత్రం కరెంటు అలాగే ఉంటుంది. లేదనుకొని చేయి పెడతాము. న్యూట్రల్‌లో ఫ్యూజు ఉండరాదని 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సులోనే ఉంది. వాటి స్థానంలో 2010లో, మళ్లీ 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు వచ్చాయి. ఈ విషయంలో మాట మారలేదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలును ముంచిన సంగతి ఎవరూ మరువలేరు. ఆనాడు మునిగిన ఇండ్లలో బోర్డులు ఆరబెట్టి అలాగే వాడుతున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి మార్పించండి. బురద నీరు లోపలికి పోయిన స్విచ్చిలు, సాకెట్లు, ఎం.సి.బి.లు పైకి బాగున్నట్లు కనిపించినా నమ్మదగినవి కావు.

ఇక చేయవలసినవి. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేత ఇంటి వైరింగు, ఎర్తు మీటరు పెట్టి పరీక్ష చేయించండి. పాత సన్న వైరుకు పెద్ద ఎం.సి.బి. పెట్టనీయకండి. ఏ.సి.కి, గీజరుకు బోర్డు నుంచి వేరే వైరు లాగించండి. ఎండాకాలం ఎర్తు గుంటలో నీళ్లు పోయండి. కూలరులో నీళ్లు పోసేముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకండి. ఆర్.సి.సి.బి. మీద ఉండే టెస్టు మీట నెలకొకసారి, పింఛను పడిన రోజున నొక్కండి. నొక్కగానే పడిపోవాలి. పడకపోతే వెంటనే మార్పించండి. మీటరు, దానికి ముందున్న సీళ్ల జోలికి మాత్రం మనం పోరాదు. అది విద్యుత్ సంస్థవారి పని.

మనం బ్రతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాము. ఇంటి వైరింగుకు అటువంటి తనిఖీ నలభై ఏళ్లుగా జరగని ఇండ్లు ఉన్నాయి. మన సభ్యుల్లో ఫ్యామిలీ పింఛనుతో ఒంటరిగా ఉంటున్న అమ్మలు ఎందరో ఉన్నారు. వైర్‌మన్‌ను పిలవడానికి, వాడు చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి వారికి తోడు లేదు. సంఘం తరఫున ఒక మంచి వైర్‌మన్‌ను మాట్లాడి, ముందుగా వారి ఇండ్లు చూపించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. వెంట వెళ్లడానికి నేను సిద్ధం.